గేట్లు మీవే, లేఅవుట్లూ మీవే

గౌరవనీయులైన తెలంగాణ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ ఉన్నతాధికారులకు, హెచ్‌ఎండీఏ, జలమండలి బాధ్యులకు,



2022 ఏప్రిల్ 12న మీ శాఖ జారీ చేసిన జీవో 69లో ఒక అంకె ఉంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కలిసి హైదరాబాద్ నగర తాగునీటిలో 1.25 శాతం కూడా ఇవ్వడం లేదట. కాబట్టి వాటి పరీవాహకంలో నిర్మాణాలపై 1996 మార్చి 8 నాటి జీవో 111 పెట్టిన ఆంక్షలు ఇక అక్కర్లేదట. ఆ ఒక్క అంకెను పట్టుకుని 84 గ్రామాల, 1.32 లక్షల ఎకరాల తలరాత మార్చేశారు. 2023 మే నెలలో మంత్రివర్గం ఇంకో అడుగు ముందుకేసి జీవో 111ను పూర్తిగా ఎత్తేస్తున్నామని ప్రకటించింది. తర్వాత ప్రభుత్వం మారింది. మూసీ పునరుజ్జీవం అన్నారు, చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా అన్నారు, లండన్, సియోల్, సింగపూర్ చూసి వచ్చారు. మీ ఫైళ్లలో ఆ 1.25 మాత్రం చెక్కుచెదరలేదు. ఈ ఉత్తరం దాని గురించే.

నేను నార్సింగి వాసిని. అంటే జనం గండిపేట అని పిలిచే ఉస్మాన్‌సాగర్ కట్టకు దిగువన ఉండేవాణ్ని. ఉస్మాన్‌సాగర్ గేట్లు ఎత్తిన రోజున మా దగ్గర ఏమవుతుందో మీకు తెలియంది కాదు. నార్సింగి నుంచి మంచిరేవుల వెళ్లే దారి మీద ఎర్రనీళ్లు పారతాయి. ఔటర్ సర్వీసు రోడ్డుకు అడ్డంగా పోలీసులు బారికేడ్లు పెడతారు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో షిఫ్టుకు బయలుదేరినవాళ్లు మెడలో ఐడీ కార్డులతో, తడిసిన రెయిన్‌కోట్లతో బండ్లు వెనక్కి తిప్పుకుంటారు. చేతిలో మ్యాపు మాత్రం ట్రాఫిక్ లేని రోడ్డని నీలిగీత చూపిస్తూనే ఉంటుంది. ఇదంతా పెద్ద వరదేమీ కాదు. కొన్ని గేట్లు, కొన్ని అడుగుల మేర ఎత్తితేనే ఈ సంబరం. ఉస్మాన్‌సాగర్‌కు 15, హిమాయత్‌సాగర్‌కు 17 గేట్లున్నాయి. అన్నీ ఒక్కసారి ఎత్తాల్సి వచ్చే రాత్రి గురించి మీ దగ్గర కాగితం మీద ఏముందో చెప్పగలరా?

ఈ రెండు కట్టలూ ఎందుకు కట్టారో మీ శాఖకే గుర్తుచేయాల్సి రావడం ఇబ్బందిగా ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ నగరాన్ని ముంచింది. చనిపోయినవాళ్లు 15 వేలమందని అందరూ చెప్పుకునే లెక్క. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికిన కథ హైదరాబాదులో చిన్నపిల్లలకూ తెలుసు. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన నగరంలో గోడలు ఎక్కడ లేపాలో చూసి ఊరుకోలేదు. ఎగువకు వెళ్లి పరీవాహకంలో చెరువులు లెక్కబెట్టించారు. 788 తేలాయి. వాటిలో 221 ఆ వానకు తెగిపోయాయి. ఒక చెరువు తెగి కింది చెరువును తెంపి, అది ఇంకోదాన్ని తెంపి, నగరానికి చేరేసరికి వరద 4.25 లక్షల క్యూసెక్కులయిందని అంచనా. నగరానికి రక్షణ నగరంలో దొరకదు, ఎగువనే దొరుకుతుందన్నది ఆయన తేల్చిన మాట. ఆ మాట మీదనే మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920కి, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927కి పూర్తయ్యాయి.

వరదను ఆపడం వీటి మొదటి పని. ఎలాగూ నీళ్లు ఆగుతాయి కదా, తాగుదాం అన్నది రెండోది. ఈ రెండో పని ఎంత బాగా జరిగిందంటే మొదటిది జనం మరిచారు. గండిపేట నీళ్లు తాగినవాడు ఈ ఊరు వదలడని సామెతే పుట్టింది. జనం మరిచిపోతే క్షమించవచ్చు. వాటి గేట్ల తాళాలు చేతిలో ఉన్న శాఖ మరిచిపోతే ఎలా?

అందుకే 1.25 శాతం అన్న కొలతే తప్పు అంటున్నాను. గత ఏడాది స్టెప్నీ టైరు ఒక్క కిలోమీటరు కూడా తిరగలేదని దాన్ని డిక్కీలోంచి తీసి అమ్మేసే డ్రైవరును మీరు కొలువులో ఉంచుకుంటారా? జలాశయం ఇచ్చే నీళ్లు కొలిచారు. అది ఆపే నీళ్లు కొలవలేదు. కొలిచి ఉంటే ఆ జీవోలో ఇంకో అంకె కూడా కనిపించేది కదా.

ఆ లెక్క పెద్ద కష్టమైనది కాదు, కాగితం మీద వేసి చూడండి. ఉస్మాన్‌సాగర్ సామర్థ్యం 3.9 టీఎంసీలు, హిమాయత్‌సాగర్‌ది 2.97. రెండూ కలిపి ఏడు టీఎంసీల లోపు. 2025 సెప్టెంబరు చివర్లో ఒక రాత్రి ఈ రెంటి నుంచి 30 వేల క్యూసెక్కులకు పైగా మూసీలోకి వదిలారు. ఆ రాత్రి మూసీ మధ్యలో ఉన్న ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లొచ్చాయి. ప్రయాణికులు సామాన్లు నెత్తిన పెట్టుకుని ప్లాట్‌ఫారాల మీద చిక్కుకుపోయారు. చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ దగ్గర రాకపోకలు ఆగాయి. ఇప్పుడు చూడండి: జలాశయాల్లో ఒక్క టీఎంసీ చోటు ఖాళీగా ఉంటే, సెకనుకు 35 వేల ఘనపుటడుగుల చొప్పున వచ్చే వరదను దాదాపు ఎనిమిది గంటలు పట్టి ఉంచవచ్చు. రెండు టీఎంసీలు ఖాళీగా ఉంటే పదహారు గంటలు. మూసీ ఒడ్డు బస్తీలు మూసానగర్‌లో, శంకర్‌నగర్‌లో పిల్లల్ని, ముసలివాళ్లను, గ్యాసు సిలిండరును, రేషను కార్డును మెట్టకు చేర్చుకోవడానికి ఎనిమిది గంటలంటే ఎంత సమయమో, అర్ధరాత్రి తలుపు తట్టించుకున్నవాళ్లను అడగండి.

అంటే వరద కోసం కట్టిన జలాశయం విలువ అందులో ఉన్న నీళ్లలోనే కాదు, ఉంచిన ఖాళీలో కూడా ఉంది. బహుళార్థసాధక ఆనకట్టల పాత చిక్కు ఇదే. తాగునీళ్లవాడు నిండుగా ఉంచమంటాడు, వరదను చూసేవాడు ఖాళీగా ఉంచమంటాడు. ఇద్దరి మధ్య ఏ నెలలో ఏ మట్టం అన్న ఒప్పందం రాసుకోకపోతే, గేట్ల దగ్గర ఉన్న ఇంజినీరు ఆఖరి గంట దాకా నీళ్లు దాచుకుని, ఆ తర్వాత ఒక్కపెట్టున వదలక తప్పదు. చెన్నైలో అదే జరిగింది. 2015 డిసెంబరులో చెంబరంబాక్కం నుంచి 29 వేల క్యూసెక్కులు అడయారులోకి వదిలారు. ఆ చెరువు సామర్థ్యం మూడున్నర టీఎంసీల పైచిలుకు, అంటే మన గండిపేటంత. అది మనుషులు తెచ్చిన విపత్తు అని తర్వాత కాగ్ నివేదికలో తేల్చింది. ఆ నివేదిక మీ గ్రంథాలయంలో ఉందా?

ఇప్పుడు మీ కొత్త పథకం దగ్గరకు వస్తాను. 2025 సెప్టెంబరు 8న ముఖ్యమంత్రి శంకుస్థాపన చేసిన గోదావరి రెండు, మూడు దశల పథకం ఖర్చు 7,360 కోట్లు. మల్లన్నసాగర్ నుంచి 20 టీఎంసీలు తెస్తారు. అందులో 2.5 టీఎంసీలు ఈ జంట జలాశయాలు నింపడానికి. వాటి మొత్తం సామర్థ్యంలో మూడో వంతుకు పైగా అన్నమాట. మూసీలో మంచినీళ్లు పారాలన్న కోరికను నేను కాదనను. కానీ ఆ 2.5 టీఎంసీలు ఏ నెలలో వదులుతారు? జూన్ ముందు నింపి పెడితే జులై వానకు చోటేది? ఎండాకాలం నిండుగా కనిపించే చెరువు ఫొటోలకు బాగుంటుంది, లేక్ వ్యూ ఫ్లాట్లు అమ్మేవాళ్లకు ఇంకా బాగుంటుంది. సెప్టెంబరులో పురానాపూల్ దిగువన ఉన్నవాడికి బాగుంటుందా? పథకం గురించి మంత్రులు చెప్పినవన్నీ విన్నాను. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు వినలేదు.

ఇంకో వింత చూడండి. కృష్ణ మీది నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. గోదావరి మీది ఎల్లంపల్లిది 148 మీటర్లు, అంటే 486 అడుగుల లోపు. గండిపేట మట్టం 1,790 అడుగులు. కృష్ణ నీళ్లు, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో, కరెంటు మోటార్లతో వెయ్యి అడుగులకు పైగా ఎక్కి మన కుళాయికి రావాలి. గండిపేట నీళ్లు ఒక్క మోటారు లేకుండా, వాటంగా ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్స్‌కు నడిచి వస్తాయి. నూరేళ్లుగా వస్తున్నాయి. 2024 ఆగస్టులో, కృష్ణ నీళ్లు తెచ్చే సుంకిశాల పథకం గోడ కూలినప్పుడు దూరపు నీళ్ల మీద మాత్రమే ఆధారపడటం ఎలాంటిదో కొంచెమైనా అర్థమై ఉండాలి. మూసీ పుట్టే అనంతగిరి కొండల నుంచి తమంతట తామే పారి వచ్చే నీళ్లకు దారి మూసి, ఆ ఖాళీ నింపడానికి గోదావరిని ఎత్తిపోసే లెక్క ఏ ఆడిటరు ఒప్పుకుంటాడు?

అవి ఎండిపోతున్నాయి కదా, 2016 వేసవిలో అడుగు కనిపించింది కదా అని మీరంటారు. నిజమే, ఎండిపోయాయి. వాగులకు అడ్డంగా ఏం కట్టారో, ఫాంహౌసుల ప్రహరీలు ఏ కాలువలను మింగాయో చూడకుండా ఎండిపోయాయని చెబితే సగం మాటే చెప్పినట్టు. నేలకు కాంక్రీటు పరిస్తే రెండు కష్టాలూ కలిసే వస్తాయి. మామూలు వాన ఇంకక, దారి దొరక్క చెరువుదాకా రాదు. కుంభవృష్టి మాత్రం మట్టిలో ఆగకుండా గంటల్లో వచ్చి కట్టను తాకుతుంది. ఎండాకాలం ఖాళీ, వానాకాలం ఉప్పెన. వాతావరణం మారుతున్న కొద్దీ వానలు తక్కువ రోజుల్లో ఎక్కువగా కురుస్తున్నాయి. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్క రోజులో 30 సెంటీమీటర్లు దాటింది. అదే వాన నగరానికి తూర్పున కాక పడమట, ఈ జలాశయాల పరీవాహకంలోని చేవెళ్ల, షాబాద్ మీద కురిసి ఉంటే?

సింగపూర్ అంటే మన ఐటీ కారిడార్‌కు మోజు కాబట్టి అక్కడి సంగతే చెబుతాను. చిన్న దీవి. తాగడానికి నీళ్లు చాలవు, కుంభవృష్టి కురిస్తే పల్లపు ప్రాంతాలు మునుగుతాయి. 2008లో మెరీనా బరాజ్ కట్టారు. తాగునీరు, వరద నుంచి రక్షణ, విహారం, మూడింటికీ ఒకే కట్ట. 350 మీటర్ల వెడల్పు, తొమ్మిది గేట్లు. సముద్రం పోటు మీదున్నప్పుడు గేట్లు మూసి ఏడు భారీ పంపులతో వరదను సముద్రంలోకి తోడేస్తారు. మన అధికారులు వెళ్లి ఫొటోలు దిగేది ఆ కట్ట మీదే. దాని వెనక ఉన్న పదివేల హెక్టార్ల పరీవాహకం, దీవిలో ఆరో వంతు, ఫొటోలో పడదు. కట్ట కట్టడానికి ముందు, 1977 నుంచి పదేళ్లు, సింగపూర్ నదినీ కల్లంగ్ ప్రాంతాన్నీ శుభ్రం చేశారు. అది నట్టనడి నగరంలోని పరీవాహకమే, అక్కడ ఆకాశహర్మ్యాలే ఉన్నాయని మీరు అనవచ్చు. ఉన్నాయి. అయితే 0.2 హెక్టార్లు దాటిన ప్రతి కొత్త నిర్మాణమూ వాననీటి ఉధృతిని తన ఆవరణలోనే తగ్గించి వదలాలని 2014 నుంచి నిబంధన ఉంది. దేశం నేలలో మూడింట రెండొంతులు ఇవాళ నీటి కోసం లెక్కలో ఉన్న నేలే. మీరు సింగపూర్ నుంచి కట్టను, గట్టు మీద లైట్లను తెచ్చుకుంటారా, ఆ నిబంధనను కూడా తెచ్చుకుంటారా?

జీవో 69 కూడా నీటి నాణ్యతకు భంగం రానివ్వమంది. మురుగుశుద్ధి కేంద్రాలు పెడతామంది, ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన కమిటీ వేసింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? శుద్ధి కేంద్రం మురుగును కడుగుతుందేమో గానీ వరదను ఆపదు. లేఅవుట్లలో 60 శాతం ఖాళీ స్థలం, రోడ్లు ఉండాలన్న పాత జీవో షరతు ఎవరి మీదా కక్షతో పెట్టింది కాదు. ఆ ఖాళీ నేలే వానను పట్టేది.

న్యాయస్థానం మాట కూడా మీరు దాటవేయలేరు. ఇదే జలాశయాల పక్కన ఒక నూనె కర్మాగారానికి, కాలుష్య పరిశ్రమలపై ఉన్న పదికిలోమీటర్ల నిషేధం నుంచి అప్పటి ప్రభుత్వం మినహాయింపు ఇస్తే, ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసులో సుప్రీంకోర్టు 2000 డిసెంబరు 1న దాన్ని కొట్టేసింది. హాని జరగదని రుజువు చేయాల్సిన భారం మార్పు కోరేవాడిదేనని ఆ కేసులోనే దేశానికంతటికీ పాఠం చెప్పింది. ఒక్క ఫ్యాక్టరీకి చెల్లని మినహాయింపు 84 గ్రామాలకు ఒకేసారి ఎలా చెల్లుతుంది? ఆ రుజువు ఎవరు చూపించారు?

ఇక్కడ ఒక్క మాట రైతుల పక్షాన చెప్పకపోతే ఈ ఉత్తరానికి న్యాయం ఉండదు. మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల రైతులు పాతికేళ్లకు పైగా ఈ నగరం కోసం చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఔటర్‌కు ఈ పక్కన 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్‌లో హెచ్‌ఎండీఏ వేలంలో ఎకరా ధర గరిష్ఠంగా 100 కోట్ల 75 లక్షలు పలికింది. 45 ఎకరాలకు 3,319 కోట్లు వచ్చాయి. అక్కడికి కొంచెం దూరంలో ఆకుకూరలు, పూలు పండించే రైతు కూతురి పెళ్లికి ఎకరం అమ్ముదామంటే జీవో 111 అని కొనేవాడు సగం ధర చెప్పాడు. అదే భూమి కొన్న పెద్దమనిషి నిశ్చింతగా ఫాంహౌసు కట్టుకున్నాడు, ఫంక్షన్ హాలు కట్టాడు, ఏ నోటీసూ ఆయన్ను కదిలించలేదు. చట్టం చిన్నవాడికి కంచె, పెద్దవాడికి గేటు అయింది. జీవో ఎత్తేయమని ఊళ్లు అడిగాయంటే ఈ అన్యాయం వల్లే. తప్పు వాళ్లది కాదు, మీది. మీరు వాళ్లకు జీవో ఇచ్చారు గానీ పైసా ఇవ్వలేదు.

ఇవ్వడం అసాధ్యమా? న్యూయార్క్ నగరం 1997లో తన జలాశయాల ఎగువనున్న ఊళ్లతో, రైతులతో ఒప్పందం చేసుకుంది. భారీ ఫిల్టర్ ప్లాంటు కట్టే ఖర్చుకన్నా పరీవాహకానికి డబ్బివ్వడమే చవక అని లెక్క తేలింది. అంత దూరం ఎందుకు, రోడ్లు వెడల్పు చేయడానికి స్థలం ఇచ్చినవాళ్లకు ఈ నగరంలో టీడీఆర్, అంటే బదిలీ చేసుకోదగ్గ నిర్మాణ హక్కులు, ఇస్తున్నారు కదా. వరదను ఆపడానికి పొలాన్ని పొలంగా ఉంచినవాడికి ఎందుకు ఇవ్వరు? నియోపోలిస్‌లో 50 అంతస్తులు లేపినవాడు అమ్ముకుంటున్నది గండిపేట కిటికీలోంచి కనిపించే దృశ్యాన్ని. ఆ దృశ్యాన్ని కాపాడుతున్న రైతుకు ఆ డబ్బులో వాటా రావడం దానం కాదు, బాకీ.

నా తోటి ఐటీ కారిడార్ వాసులారా అని వేరే ఉత్తరం రాయాలి గానీ, ఇక్కడే ఒక మాట. మణికొండ, పుప్పాలగూడ, నార్సింగి అపార్టుమెంట్లలో మార్చి వస్తే వాట్సాప్ గ్రూపుల్లో ట్యాంకరు తప్ప వేరే మాట ఉండదు. అంత పెద్ద చెరువు పక్కనే పెట్టుకుని బోర్లు ఎందుకు ఎండుతున్నాయని అడిగేవాళ్లు తక్కువ. లేక్ వ్యూకి చదరపు అడుగుకు ఎంత ఎక్కువో మాత్రం అందరికీ తెలుసు.

అధికారులారా, జలమండలి గేట్లు ఎత్తుతుంది. హెచ్‌ఎండీఏ లేఅవుట్లకు అనుమతిస్తుంది. రెండూ మీ శాఖ కిందివే. సెప్టెంబరులో ఒకరు దిగువ బస్తీలను ఖాళీ చేయమని మైకులో చెబుతుంటే, ఆ వరదను పెంచే నేలను ఇంకొకరు ప్లాట్లుగా గీస్తున్నారు. ఈ రెండు ఫైళ్లు ఎప్పుడైనా ఒకే బల్ల మీదకు వచ్చాయా? రాలేదనే నా అనుమానం. వచ్చి ఉంటే 1.25 శాతం అన్న వాక్యం మీద ఎవరో ఒక ఇంజినీరు ఎర్ర సిరాతో గీత గీసి ఉండేవాడు.

జీవో 69ని రాతపూర్వకంగా ఉపసంహరించుకోండి. వరద నుంచి నగర రక్షణ ఈ జలాశయాల మొదటి ప్రయోజనమని కొత్త ఉత్తర్వులో స్పష్టంగా రాయండి. జూన్ నుంచి అక్టోబరు దాకా ఏ నెలలో ఎంత మట్టం మించకూడదో, ఎంత చోటు ఖాళీగా ఉంచుతారో నిర్ణయించి తెలుగులో, ఉర్దూలో ప్రచురించండి. గోదావరి నీళ్లు నింపేది వానాకాలం వెళ్లాకనేనని అందులోనే చేర్చండి. ఆక్రమణల తొలగింపు గుడిసె దగ్గర కాకుండా ఫాంహౌసు దగ్గర మొదలుపెట్టండి. 84 గ్రామాల రైతులకు వేలం డబ్బులోంచి ఏటా ఎంత ఇస్తారో వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడండి. వచ్చే తొలకరికి ముందే ఈ పని కావాలి. గేట్లు ఎత్తే రాత్రి జవాబు చెప్పాల్సింది మీ శాఖే.

ఇట్లు,
గండిపేట దిగువన నివసించే ఒక పౌరుడు,
నార్సింగి, హైదరాబాద్.